రుజువయ్యేదాకా: షరతు నమ్మకాల తర్కాన్ని సాఫ్ట్‌వేర్‌లో అమలు చేయడంపై ఒక సమీక్ష

తెలంగాణలో 2020 దాకా అమలులో ఉన్న భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 1971లోని 6వ సెక్షన్ ప్రకారం, హక్కుల రికార్డులోని ప్రతి నమోదునూ దానికి విరుద్ధమైనది రుజువయ్యేదాకా, లేదా చట్టప్రకారం సవరణ జరిగేదాకా నిజమని భావించాల్సి ఉండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలకు 1970లో జరిగిన సవరణ ఇదే పద్ధతిలో, కానీ ఎదురు దిశలో మాట్లాడుతుంది: ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, విరుద్ధంగా రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి బదిలీ అయినదేనని భావించాలి. జనగామ మైదానంలో మొదటి సూత్రం ఒక్కటే పనిచేసేది. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో ఒకే సర్వే నంబరు మీదికి రెండు సూత్రాలూ ఒకేసారి వచ్చి నిలబడేవి. న్యాయభాషలో పురోభావన అని పిలిచే ఈ రకం నిర్ణయానికి ఒక విచిత్ర లక్షణం ఉంది: ఇవాళ సరిగానే తీసుకున్న నిర్ణయాన్ని రేపు ఒక కొత్త సమాచారం వచ్చి వెనక్కి తీయిస్తుంది, అయినా పాత సమాచారంలో ఒక్క మాట కూడా అబద్ధమని తేలదు.

పాఠ్యపుస్తకాల్లోని సంప్రదాయ తర్కంలో ఇది జరగదు. అక్కడ ఆధారాలు పెరిగేకొద్దీ నిగమనాలు, అంటే ఆధారాల నుంచి తేలే ముగింపులు, పెరుగుతాయే తప్ప తరగవు. ఈ గుణాన్ని గణితవేత్తలు మోనోటోనిక్ అన్నారు కనుక, ముగింపులు తరిగే అవకాశం కూడా ఉన్న తర్కానికి నాన్‌మోనోటోనిక్ తర్కం అన్న పేరు స్థిరపడింది. ‘ఇది ఇలా ఉంటే మామూలుగా అది అలా ఉంటుంది’ అన్న ఆకారంలో ఉండే షరతు నమ్మకాలే ఈ తర్కానికి ముడిసరుకు. వాటిని సాఫ్ట్‌వేర్‌గా ఎలా నడపాలన్న ప్రశ్న మీద నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన చర్చలో పద్ధతులు ఎన్ని పుట్టాయంటే, ఏది దేనికి ప్రత్యామ్నాయమో, ఏది దేనికి పూరకమో చెప్పడమే కష్టమైంది. ఆ చిక్కును తెలంగాణ భూమి రికార్డుల వెలుగులో విడదీసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్సర్గం, అపవాదం

సాధారణ నియమాన్ని ప్రత్యేక నియమం అడ్డుకుంటుందన్న ఊహ భారతీయ శాస్త్రాలకు కొత్త కాదు. పాణిని వ్యాకరణం మీద నిలిచిన సంప్రదాయం సాధారణ విధిని ఉత్సర్గమనీ, దాన్ని కొంతమేర తోసివేసే ప్రత్యేక విధిని అపవాదమనీ పిలిచింది. సమాన బలం గల రెండు సూత్రాలు ఒకేచోట తగిలితే సూత్రపాఠంలో తరువాత వచ్చిన దానికే బలం ఇవ్వాలని అష్టాధ్యాయిలోనే ఒక సూత్రం ఉంది. ఉకార సంధి నిత్యం, అకార సంధి బహుళం అని బడిలో వల్లించిన తెలుగు పాఠకుడికి, కొన్ని నియమాలు తప్పక జరుగుతాయనీ కొన్ని జరిగీ జరగకుండా ఉంటాయనీ కంప్యూటర్ శాస్త్రం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆధునిక పరిశోధన ఈ ఊహకు చేర్చినది ప్రధానంగా ఒక్కటే: ఏది అపవాదమో మనిషి చెప్పకుండానే, నియమాల ఆకారాన్ని చూసి యంత్రమే కనిపెట్టగల విధానం.

ఆ పరిశోధన జాన్ మెకార్తీతో మొదలైందనవచ్చు. యంత్రానికి లోకజ్ఞానం నేర్పాలన్న ఆయన వ్యాసం 1959 నాటిది. రికార్డులో లేనిది అబద్ధమనే భావించే ‘మూసిన లోకం’ ఊహను రేమండ్ రైటర్ 1978లో సూత్రీకరించగా, అదే ఏడు కీత్ క్లార్క్ ‘నిరూపించలేకపోవడమే నిషేధం’ అన్న ప్రోలాగ్ ప్రోగ్రామింగ్ భాష పద్ధతికి తార్కిక వివరణ ఇచ్చాడు. 1980లో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ పత్రిక ప్రత్యేక సంచికలో రైటర్ డిఫాల్ట్ తర్కం, మెకార్తీ సర్కమ్‌స్క్రిప్షన్, మెక్‌డెర్మట్-డాయిల్‌ల తర్కం ఒకేసారి వెలువడ్డాయి. వివాదం చిక్కుపడడం కూడా అక్కడి నుంచే.

మూడు జిల్లాలు, మూడు రకాల మినహాయింపులు

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ తర్కానికి కావలసిన ఉదాహరణలన్నీ పరిశోధనా వ్యాసాల్లోని ‘పక్షులు ఎగురుతాయి, పెంగ్విన్లు ఎగరవు’ అన్న ఉదాహరణకు పోకుండానే దొరుకుతాయి.

జనగామ ప్రాంతంలో రికార్డులోని పేరుకూ దున్నేవాడి చేతికీ మధ్య తగాదా ఎంత పాతదో పాలకుర్తి, కడవెండి చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అక్కడి ప్రధాన మినహాయింపు హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950 నుంచి వస్తుంది: రికార్డులో పట్టాదారు పేరే ఉన్నా, ఆ భూమికి రక్షిత కౌలుదారు ఉండి 38-ఇ ధ్రువపత్రం పొంది ఉంటే యాజమాన్యం కౌలుదారుడిది. తెల్లకాగితం మీద జరిగిన సాదాబైనామా కొనుగోలు మరో రకం. రిజిస్ట్రేషన్ లేని బదిలీతో హక్కు రాదన్నది నియమం. నిర్ణీత షరతులకు లోబడి దాన్ని క్రమబద్ధం చేయవచ్చన్నది 1971 చట్టం 5-ఎ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు.

మహబూబాబాద్ ఏజెన్సీలో మినహాయింపులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. రికార్డులో ఉన్నవాడు హక్కుదారు. కానీ భూమి ఏజెన్సీలో ఉండి అతడు గిరిజనేతరుడైతే బదిలీ చెల్లదన్న భావన ముందుకు వస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు తెలంగాణ ఏజెన్సీకి వర్తించిన 1963 డిసెంబరు 1కి ముందే ఆ భూమి చట్టబద్ధంగా సంక్రమించిందని అతడు రుజువు చేసుకుంటే మళ్లీ హక్కుదారే. ఈ నిబంధనల చెల్లుబాటును పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది.

భూపాలపల్లి అడవుల్లో నియమం తలకిందులుగా మొదలవుతుంది. అటవీ భూమిలో సాగు చేసేవాడు ఆక్రమణదారన్నది సాధారణ భావన. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న షెడ్యూల్డ్ తెగలవారికి 2006 అటవీ హక్కుల చట్టం నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇస్తుంది. ఇతర సంప్రదాయ అటవీ నివాసులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం కూడా చూపాలి. ఇలా వచ్చిన హక్కు వారసులకు వెళ్తుంది, అమ్మకానికి పనికిరాదు. కనుక ‘హక్కుదారు అమ్ముకోవచ్చు’ అన్న మరో మామూలు నమ్మకం ఇక్కడ ఆగిపోతుంది.

నియమానికి మినహాయింపును లోపలే రాసే దారి

మొదటి ప్రధాన మార్గం రైటర్ డిఫాల్ట్ తర్కం నుంచి వచ్చింది. ఇందులో ప్రతి నియమానికి మూడు భాగాలు ఉంటాయి: షరతు, ముగింపు, ఆ ముగింపునకు అడ్డు రాకూడని విషయం. 1988లో గెల్ఫాండ్, లిఫ్షిట్స్ ప్రతిపాదించిన స్థిర నమూనా భావన ఈ ఆలోచనను ప్రోగ్రామింగ్‌కు దగ్గర చేసింది. దాని మీద పెరిగిన ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్‌కు పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన క్లింగో, వియన్నా-కలాబ్రియా పరిశోధకుల డీఎల్‌వీ పేరొందిన సాధనాలు. ‘పేరు రికార్డులో ఉండి, ఏజెన్సీ భూమి అని తెలియకపోతే, హక్కుదారు’ అని రాసిన వాక్యాన్ని అవి నేరుగా నడపగలవు.

ఈ దారికి బలం దాని స్పష్టత. చట్టం రాసినవాడి మాటకూ ప్రోగ్రాములోని వరుసకూ మధ్య దూరం తక్కువ కావడం వల్లే, సెర్గాట్, కోవాల్‌స్కీ, వారి సహచరులు 1986లో బ్రిటిష్ పౌరసత్వ చట్టాన్ని లాజిక్ ప్రోగ్రాముగా రాసి చూపగలిగారు. 2021లో ఫ్రాన్స్‌లో వెలువడిన కాటలా అనే భాష కూడా పన్ను చట్టాల సెక్షన్లను ప్రాధాన్యాలున్న డిఫాల్ట్ నియమాలుగానే చూస్తుంది. బలహీనత కూడా అక్కడే ఉంది: ప్రతి మినహాయింపునూ మనిషే గుర్తుపెట్టుకుని పాత నియమంలో చేర్చాలి. అలా చేర్చకపోతే, పరస్పరం కొట్టుకునే రెండు నియమాల నుంచి రెండు స్థిర నమూనాలు పుట్టవచ్చు; ఒకదానిలో రైతు హక్కుదారు, మరోదానిలో కాడు. రెండింటిలోనూ నిలిచిన దాన్నే నమ్మాలా, ఒక్కదానిలో నిలిచినా చాలా అన్న ప్రశ్నకు తర్కం జవాబివ్వదు. ‘తెలియకపోతే’ అన్న మాటలో మరో ప్రమాదం దాగి ఉంది. ఏజెన్సీ గ్రామాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎవరైనా మరిచిపోతే, యంత్రం ఆ మరుపునే ‘ఏజెన్సీ కాదు’ అన్న రుజువుగా తీసుకుంటుంది.

ప్రపంచాలకు అంతస్తులు కట్టే దారి

రెండో మార్గం నియమాన్ని కాక, దాని అర్థాన్ని పట్టుకుంది. 1973లో డేవిడ్ లూయిస్ షరతు వాక్యాలకు ఇచ్చిన వివరణ, అంతకు ముందు ఎర్నెస్ట్ ఆడమ్స్ సంభావ్యత ద్వారా ఇచ్చిన వివరణ దీనికి పునాదులు. ‘ఎ అయితే మామూలుగా బి’ అంటే, ఎ నిజమైన పరిస్థితులన్నిటిలోకీ అతి మామూలువాటిలో బి కూడా నిజమని అర్థం. ఇక్కడ పరిస్థితి అంటే ప్రతి విషయానికీ అవును, కాదు నిర్ణయించిన ఒక పూర్తి చిత్రం. తార్కికులు దాన్ని ప్రపంచం అంటారు.

1990లో క్రౌస్, లెహ్మన్, మగిడోర్ ఇటువంటి తర్కం ఏదైనా కనీసం పాటించవలసిన నియమాలను కూర్చారు. 1992లో లెహ్మన్, మగిడోర్ వాటికి ‘హేతుబద్ధ సంవృతి’ అనదగిన నిర్మాణాన్ని జోడించారు. జూడియా పెర్ల్ 1990లోనే సిస్టమ్ జడ్ పేరుతో సారాంశంలో అదే ఫలితాన్నిచ్చే లెక్క చెప్పాడు. దీని వల్ల వచ్చే లాభం సంబంధం లేని సమాచారాన్ని పట్టించుకోకపోవడం. పట్టాదారు హక్కుదారని నమ్మిన యంత్రం, అతడు ఈ ఏడు పత్తి బదులు మిర్చి వేశాడని తెలిసినంత మాత్రాన నమ్మకం వదులుకోకూడదు. వదులుకోవాలంటే ఆ సమాచారానికి ఏదో ఒక నియమంతో పొత్తు ఉండాలి.

లెక్క ఇలా సాగుతుంది. ఒక నియమం షరతూ ముగింపూ నిజమై, మిగతా ఏ నియమమూ భంగం కాని ప్రపంచం ఒక్కటైనా ఉంటే ఆ నియమాన్ని కింది అంతస్తులో పెట్టి పక్కకు తీయాలి. మిగిలినవాటి మీద అదే పరీక్ష మళ్లీ చేయాలి. మహబూబాబాద్ ఉదాహరణను సరళం చేసి నాలుగు నియమాలుగా రాయవచ్చు: రికార్డులో ఉన్నవాడు హక్కుదారు; రికార్డులో ఉన్న గిరిజనేతరుడి భూమి ఏజెన్సీదైతే అతడు హక్కుదారు కాడు; అదే మనిషి 1963కి ముందు సంక్రమణను రుజువు చేస్తే హక్కుదారు; హక్కుదారుకు పెట్టుబడి సాయం అందుతుంది. మొదటిదీ నాలుగోదీ అట్టడుగు అంతస్తులో, రెండోది దాని పైన, మూడోది అన్నిటికీ పైన కూర్చుంటాయి. ఏది ఉత్సర్గమో ఏది అపవాదమో ఎవరూ చెప్పలేదు. యంత్రం తానే కనిపెట్టింది. ఏదో ఒక అంతస్తు దగ్గర పరీక్ష నెగ్గే నియమం ఒక్కటీ మిగలకపోతే ఆ నియమావళిలోనే వైరుధ్యం ఉందని అర్థం. సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ హెచ్చరిక ఒక్కటే ఈ పద్ధతి ఖరీదును తిరిగిచ్చేంత విలువైనది.

మునిగిపోయిన సాయం

ఈ సొగసైన లెక్కకు ఒక లోపం ఉంది. సిస్టమ్ జడ్ ఒక ప్రపంచాన్ని అందులో భంగమైన నియమాల్లో అన్నిటికంటే పై అంతస్తుదాన్ని చూసి మాత్రమే అంచనా వేస్తుంది. రుజువు చూపి హక్కు తిరిగి పొందిన రైతు విషయంలో రెండో నియమం ఎలాగూ భంగమయింది. ఇక అతడికి సాయం అందినా అందకపోయినా, అంటే కింది అంతస్తులోని నాలుగో నియమం నిలిచినా కూలినా, ఆ ప్రపంచం అంచనాలో తేడా రాదు. ఫలితంగా అతడు హక్కుదారని యంత్రం ఒప్పుకుంటుంది, హక్కుదారుకు సాయం అందుతుందనీ ఒప్పుకుంటుంది, అయినా అతడికి సాయం అందుతుందని మాత్రం చెప్పదు. ఒక విషయంలో అసాధారణుడైనవాడు సంబంధం లేని మరో విషయంలో కూడా మామూలు లాభాలు పోగొట్టుకోవడాన్ని పరిశోధకులు మునక సమస్య అన్నారు.

ఇది కాగితం మీది బాధ మాత్రమే కాదనడానికి తెలంగాణలో దగ్గరి పోలిక ఉంది. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములు పార్ట్-ఎలోకి, వివాదం ఉన్నవి పార్ట్-బిలోకి వెళ్లాయి. పార్ట్-బిలో పడిన భూమికి కొత్త పాసుపుస్తకం రాలేదు, పాసుపుస్తకం లేనిచోట 2018 మే నుంచి అమలైన రైతుబంధు పెట్టుబడి సాయం రాలేదు. అక్కడ నిర్ణయించినది తర్కసూత్రం కాదు, పరిపాలన. కానీ సందేహం ఒక గడిలో ఉంటే మిగతా గడులన్నీ స్తంభించే నిర్మాణం రెండింటిదీ ఒకటే.

మునకకు మందుగా 1995లో లెహ్మన్ నిఘంటుక్రమ సంవృతిని ప్రతిపాదించాడు. నిఘంటువులో మొదటి అక్షరం సమానమైతే రెండోది చూసినట్టు, పై అంతస్తులో భంగాలు సమానమైతే కింది అంతస్తులో ఎన్ని నియమాలు కూలాయో లెక్కపెట్టి తక్కువ కూలిన ప్రపంచాన్ని ఎన్నుకోవాలి. పై ఉదాహరణలో రైతుకు సాయం తిరిగి వస్తుంది. అయితే లెక్కపెట్టడం మొదలైతే నియమం ఎలా రాశారన్నది ఫలితాన్ని మారుస్తుంది: ఒకే విషయాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టిన చట్టానికి రెండు ఓట్లు, కలిపి రాసిన చట్టానికి ఒకటే ఓటు. జర్మనీలో గాబ్రియేలె కెర్న్-ఇస్‌బెర్నెర్ సూచించిన సి-ప్రాతినిధ్యాలు ప్రతి నియమానికీ దాని భంగానికి తగిన జరిమానా కేటాయిస్తాయి. 2020లో కోమో, బయెర్లె తెచ్చిన సిస్టమ్ డబ్ల్యు, ఎన్ని కూలాయన్నది కాక ఏవి కూలాయన్నది చూస్తుంది. లెక్కింపు లేకుండానే మునకను తప్పించుకోవడం వల్ల చివరిది చట్టపరమైన నియమావళులకు మిగతావాటికంటే నప్పుతుందని భావించడానికి కారణాలున్నాయి. పెద్ద నియమావళుల మీద దానికి దొరికిన అనుభవం ఇంకా తక్కువ.

ఖర్చు లెక్క

నేరుగా ప్రపంచాలన్నిటినీ రాసి పోల్చే ప్రోగ్రాము తరగతి గదికి చాలు. ఇరవై విషయాలుంటే 10,48,576 ప్రపంచాలు. నలభై అయితే లక్ష కోట్లు దాటతాయి. అందుకే వాడుకలోని సాధనాలు ప్రపంచాలను పేర్చవు, ప్రతి పరీక్షనూ ‘ఈ వాక్యాలన్నీ ఒకేసారి నిజం కాగలవా’ అన్న ప్రశ్నగా మార్చి శాట్ సాల్వర్ అనే పరిష్కార యంత్రానికి అప్పగిస్తాయి. వంద నియమాలకు అంతస్తులు కట్టడానికి అతి చెడ్డ సందర్భంలో కూడా 5,050 ప్రశ్నలు సరిపోతాయి. కట్టినదాన్ని దాచుకుంటే తరువాతి ప్రతి విచారణకూ వేళ్ల మీద లెక్కించదగినన్ని ప్రశ్నలే కావాలి. నిఘంటుక్రమం ఇంతకంటే భారం, ఎందుకంటే ఏ నియమాలు ఎన్ని కలిసి నిలబడగలవో వెతకాలి. రైటర్ అసలు తర్కం మరింత బరువైన తరగతికి చెందుతుందని 1992లో గాట్లాబ్ చూపాడు. హేతుబద్ధ సంవృతి చవక, మునిగిపోతుంది. నిఘంటుక్రమం న్యాయంగా కనిపిస్తుంది, ఖరీదైనది, రాసే తీరుకు లోబడుతుంది. స్థిర నమూనాల పద్ధతికి సాధనాలు పుష్కలం, మినహాయింపుల భారం మాత్రం మనిషి మీద.

వెనక్కి తీయడానికి కారణం గుర్తుండాలి

పై మార్గాలన్నీ ఏది నమ్మాలో చెబుతాయి. నమ్మినదాన్ని ఎందుకు నమ్మారో దాచుకోవడం వేరే పని. 1979లో జాన్ డాయిల్ రూపొందించిన సత్యనిర్వహణ వ్యవస్థ దాని కోసమే పుట్టింది. అందులో ప్రతి ముగింపు పక్కనా దాని ఆధారాల జాబితా ఉంటుంది, ఆధారం పోతే దాని మీద ఆనుకున్నవన్నీ వరుసగా సడలుతాయి. సంక్షేమ సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు కొరవడేది ఈ పాత పనిముట్టే. తెలంగాణలో 2014-2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే సమాచార అనుసంధాన వ్యవస్థ పాత్ర మీద విమర్శలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయి పునఃపరిశీలనకు ఆదేశించింది. ఇటువంటి వ్యవస్థలో తార్కికంగా రెండు డిఫాల్టులు గొలుసుగా నిలుస్తాయి: పేరూ చిరునామా దగ్గరగా కలిస్తే ఒకే మనిషి; కారున్న మనిషి పేద కాడు.  రెండు ఊహలు కలిసి ఒక ‘రద్దు’ అన్న గడిగా మారిపోతే, ‘రుజువయ్యేదాకా’ అన్న మాట దారిలోనే రాలిపోతుంది, దానితోపాటు రుజువు చూపవలసిన చోటూ పోతుంది. భూమి రికార్డుల్లో కూడా, 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌కు ఆధారమైన చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేయగా, 2025 నాటి భూభారతి చట్టం అప్పీలు అంచెలను మళ్లీ తెచ్చింది. తర్కం దృష్టితో చూస్తే ఇది ముగింపును వెనక్కి తీసే దారిని మూసి తెరవడమే.

నమ్మకాలను సవరించే సిద్ధాంతం 1985లో ఆల్చురోన్, గార్డెన్‌ఫోర్స్, మేకిన్సన్‌లతో రూపుదిద్దుకుంది. షరతు వాక్యాన్ని నమ్మడమంటే, షరతును ఒప్పుకుని నమ్మకాలు సవరించుకున్నాక ముగింపును కూడా నమ్మడమేనని ఫ్రాంక్ రామ్సే 1929లో సూచించిన పరీక్షను ఆ సిద్ధాంతంలో యథాతథంగా చేర్చితే వ్యవస్థ కుప్పకూలుతుందని గార్డెన్‌ఫోర్స్ 1986లో చూపాడు. డార్విచ్, పెర్ల్ 1997లో అంతస్తులను కూడా సవరించే నియమాలు ఇచ్చి కొంత మరమ్మతు చేశారు. అంతస్తులకు అంకెలిచ్చే ష్పోన్ పద్ధతి ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కు దాచుకోవడానికీ మార్చడానికీ సులువైనది అంకే.

ఇంకా తేలనివి

ప్రత్యేక నియమమే గెలవాలన్న సూత్రం చట్టంలో అన్నిసార్లూ నిలవదు. తరువాతి చట్టం ముందుదాన్ని, రాజ్యాంగం రెండింటినీ తోసివేయగలవు. అంతస్తులు కట్టే యంత్రానికి ఈ మూడు బలాలను ఒకే త్రాసులో పెట్టడం తెలియదు. చేత్తో ఇచ్చిన ప్రాధాన్యాలనూ, నియమాల ఆకారం నుంచి వచ్చిన అంతస్తులనూ కలిపే పద్ధతి ఒక్కటీ సర్వసమ్మతం కాలేదు. వ్యక్తుల గురించి, సంబంధాల గురించి మాట్లాడే వాక్యాలకు ఈ తర్కాన్ని విస్తరించినప్పుడు ‘మామూలు రైతు’ అంటే ఎవరన్న ప్రశ్నకు కూడా ఒకటికి మించిన జవాబులున్నాయి.

అన్నిటికంటే జటిలమైనది కాలం. లోకం గురించి తెలిసినది మారడం ఒకటి, లోకమే మారడం మరొకటి అని 1991లో కట్సునో, మెండెల్‌జోన్ విడదీశారు. ఆ గీత ఎక్కడ పడాలో ప్రతి సందర్భంలోనూ స్పష్టంగా ఉండదు. తెలంగాణలో లంబాడీలు 1976 చట్ట సవరణతో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 1970 సవరణ తరువాత, ఆ చేర్పుకు ముందు ఏజెన్సీలో ఒక లంబాడీ రైతు కొన్న భూమికి బదిలీనాటి హోదా చూడాలా, విచారణనాటి హోదా చూడాలా? ఈ ప్రశ్నకు న్యాయస్థానం ఇచ్చే జవాబు ఏదైనా, కొన్నవాడి పక్కన ‘గిరిజనుడు: అవును/కాదు’ అని ఒక్క గడి మాత్రమే ఉంచిన పట్టికలో ఆ జవాబును రాసుకోవడానికి చోటు ఉండదు. హోదాకు తేదీ, బదిలీకి తేదీ, నియమానికి తేదీ, ఏ తేదీ ఆధారంగా ముగింపు తీశారో దాని జాడ, నాలుగూ విడివిడిగా కావాలి. 1986లో కోవాల్‌స్కీ, సెర్గాట్ సూచించిన ఘటనా గణన వంటి కాలతర్కాలు మొదటి మూడింటిని మోయగలవు. నాలుగోదాన్ని అంతస్తుల తర్కంతో కలిపి, జిల్లా మొత్తం సర్వే నంబర్ల మీద నడపగల ఒకే సాధనం ఇంకా కుదురుకోలేదు.